కాలం కొలతలు – 9: పొద్దు తిరిగింది, పండుగ తిరగలేదు

1752 డిసెంబరు 24 రాత్రి ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్‌కు చెందిన క్వెయింటన్ అనే పల్లెకు రెండు వేల మందికి పైగా జనం లాంతర్లు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు. వాళ్లు వచ్చింది చర్చికి కాదు, ఊరి దగ్గరున్న ఒక ముళ్లచెట్టును చూడడానికి. క్రీస్తును సమాధి చేసిన అరిమతయి యోసేపు తన చేతికర్రను నేలలో గుచ్చితే గ్లాస్టన్‌బరీలో ఒక చెట్టు మొలిచిందని అక్కడివాళ్ల కథ. ఆ చెట్టు కొమ్మ నుంచే ఇది వచ్చిందని, ఏటా డిసెంబరు 24న మొగ్గ తొడిగి, మర్నాడు విరగబూసి, ఆ రాత్రికే రాలిపోతుందని నమ్మకం. ఈ మహిమ సరిగ్గా ఆ ఏడే అందరికీ గుర్తుకొచ్చిందని ఆ సంగతి అచ్చువేసిన ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ చిన్న చురక కూడా వేసింది. జనం దీపాలు ఎత్తి కొమ్మ కొమ్మా వెతికారు. ఒక్క మొగ్గా కనబడలేదు. అయితే రేపటిది అసలు క్రిస్మసే కాదని అక్కడికక్కడే తీర్మానించుకున్నారు. మర్నాడు చర్చికి వెళ్లలేదు. చివరికి చుట్టుపక్కల ఊళ్ల పాస్టర్లు పాత క్రిస్మస్ రోజునూ ఎప్పట్లాగే పాటిస్తామని ప్రకటించి వాళ్లను శాంతపరచాల్సి వచ్చింది.

కిందటి భాగంలో చూసిన గ్రెగరీ సంస్కరణ ఇంగ్లండుకు చేరిన సంవత్సరం అది. ఆ ఏడు సెప్టెంబరు 2 తర్వాతి రోజు 14గా లెక్కకు వచ్చింది, నడుమ పదకొండు రోజులు మాయమయ్యాయి. ఆ రోజులు తిరిగి ఇమ్మని లండన్ వీధుల్లో అల్లర్లు జరిగాయని చాలా పుస్తకాల్లో ఉంటుంది. అది హోగార్త్ గీసిన ఒక ఎన్నికల బొమ్మలోంచి పుట్టిన కథ. క్వెయింటన్ రాత్రి మాత్రం నాటి పత్రికలోనే ఉంది. దీన్ని పల్లెటూరి అమాయకత్వం కింద కొట్టిపారేయడం సులువు. కానీ వాళ్లు వేసిన ప్రశ్న చిన్నది కాదు: పండుగ ఎవరి మాట వినాలి, పార్లమెంటు మాటా, ప్రకృతి మాటా? చిత్రమేమిటంటే, ప్రకృతి వైపు నిలబడ్డామనుకున్న ఆ జనమే ప్రకృతికి దూరంగా జరిగారు. ఆ ఏడు పొద్దు ఉత్తరానికి తిరిగింది కొత్త లెక్కలో డిసెంబరు 21న. పార్లమెంటు క్రిస్మస్ దానికి నాలుగు రోజుల దూరంలో ఉంది. జనం పట్టుబట్టిన పాత క్రిస్మస్ కొత్త లెక్కలో జనవరి 5న, అంటే పదిహేను రోజుల దూరంలో పడింది. వాళ్లు కాపాడుకున్నది తాతల నాటి తేదీని, దానికి చెట్టును సాక్ష్యం పిలిచారు.

చలికాలపు పండుగలన్నీ సూర్యుడి పండుగలని, రాత్రులు కుంచించుకుపోయి పగళ్లు సాగడం మొదలైనందుకు మనిషి చేసుకునే సంబరాలని మనం తరచూ వింటాం. పుట్టుకలో అది కొంత నిజం కావచ్చు. కానీ వాటి బతుకును గమనిస్తే వేరే సంగతి తేలుతుంది. ఒకసారి ఒక తేదీలోనో, పంచాంగంలోని ఒక గడిలోనో కుదురుకున్నాక, సూర్యుడు అక్కణ్నుంచి జరిగిపోయినా పండుగ కదలదు. దాన్ని కదిలించగలిగేది ఆకాశం కాదు, లెక్కలు కట్టే కచేరీ. అదీ అన్నిసార్లూ కాదు.

రోము దగ్గర మొదలుపెడదాం. జూలియస్ సీజరు అలెగ్జాండ్రియాకు చెందిన సోసిజెనెస్ సలహాతో క్రీ.పూ. 45 నుంచి అమలుచేసిన జూలియన్ కేలండరులో శీతాకాలపు అయనాంతాన్ని, అంటే పొద్దు ఉత్తరానికి తిరిగే రోజును, రోమన్లు డిసెంబరు 25 కింద, వేసవి అయనాంతాన్ని జూన్ 24 కింద రాసుకున్నారు. ఆ కేలండరు ఏడాదికి 365 రోజుల 6 గంటలు. అసలు ఋతుచక్రం దానికంటే 11 నిమిషాలు పొట్టి. ఒక మనిషి బతుకులో ఈ 11 నిమిషాలు లెక్కలోకి రావు. కానీ 128 ఏళ్లు గడిస్తే ఒక రోజు తేడా. పదహారో శతాబ్దానికి పొద్దు తిరిగేది డిసెంబరు 12 దగ్గరికి వెనక్కి వచ్చేసింది. క్రిస్మస్ మాత్రం 25 మీదే కూర్చుంది. గ్రెగరీ పోపు 1582లో పది రోజులు కోసేసింది కూడా క్రిస్మస్ కోసం కాదు, ఈస్టరు లెక్క కోసం. పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తును నైసియా సభ జరిగిన 325 నాటి స్థితికి, అంటే మార్చి 21కి తెచ్చారు. సీజరు కాలందాకా వెనక్కి వెళ్లలేదు. అందుకే ఇవాళ అయనాంతం డిసెంబరు 21న, క్రిస్మస్ 25న విడివిడిగా ఉన్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. క్రిస్మస్‌కు అయనాంతంతో మొదట్నుంచీ సంబంధమే లేదేమో కదా? క్రీ.శ. 274లో అరేలియన్ చక్రవర్తి సూర్యుడికి కొత్త ఆలయం ప్రతిష్ఠించాడని, ఆ ‘అజేయ సూర్యుడి’ పుట్టినరోజునే క్రైస్తవులు తమ పండుగగా మార్చుకున్నారని ఒక సిద్ధాంతం. కానీ డిసెంబరు 25న సూర్యుడి పండుగ, క్రీస్తు జననం రెండూ మనకు కనిపించేది ఒకే చోట, 354 నాటి ఒక రోమన్ పంచాంగ సంకలనంలో. ఏది ముందో దాన్నిబట్టి తేల్చడం కష్టం. రెండో సిద్ధాంతం ప్రకారం క్రీస్తు సిలువ మరణం మార్చి 25న జరిగిందని, గర్భంలో పడింది కూడా అదే తేదీన అని తొలి క్రైస్తవులు లెక్కవేశారు. దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25. నాకు ఈ రెండోదే కాస్త గట్టిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇలాంటి లెక్కతోనే, మొదటి తేదీ ఏప్రిల్ 6 అనుకుంటే, తూర్పు చర్చిల జనవరి 6 కూడా వచ్చేస్తుంది. ఆర్మేనియన్లు ఇవాళ్టికీ పాటించేది ఆ రోజునే. కానీ ఏ సిద్ధాంతం నెగ్గినా నా మాట చెదరదు. మొదటిది నిజమైతే, సూర్యుడితో పుట్టిన పండుగ సూర్యుణ్ని వదిలేసింది. రెండోది నిజమైతే, అది పుట్టిందే కాగితం మీది లెక్కలోంచి.

స్వీడన్ లూసియా పండుగలో ఈ సంగతి ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డిసెంబరు 13 తెల్లవారుజామున తెల్లగౌను, ఎర్రటి నడికట్టు, తలమీద వెలిగే కొవ్వొత్తుల కిరీటంతో ఒక అమ్మాయి ముందు నడుస్తుంది. కుంకుమపువ్వు రంగు తేలిన మెలికల బన్నులు, కాఫీ పంచుతారు. ఆ రాత్రే ఏడాదిలోకెల్లా పొడవైనదని పాత నమ్మకం. పద్నాలుగో శతాబ్దపు జూలియన్ లెక్కలో అది అక్షరాలా నిజం కూడా. స్వీడన్ 1753లో కొత్త కేలండరుకు మారాక పొడవైన రాత్రి 21కి వెళ్లిపోయింది. లూసియా దాని వెంట వెళ్లలేదు. (స్వీడన్ కేలండరు తంటాలు ఇక్కడితో ఆగవు. మెల్లమెల్లగా మారదామని 1700లో లీపు రోజు ఎగ్గొట్టి, తర్వాత ఆ సంగతే మరిచి, దిద్దుకోవడానికి 1712లో ఫిబ్రవరికి 30వ తేదీ పెట్టారు.) ఊరేగింపు దేశమంతా పాకడానికి తోడ్పడింది 1927లో స్టాక్‌హోంలో ఒక దినపత్రిక పెట్టిన లూసియా పోటీ. సూర్యుడు వెళ్లిపోయిన తేదీలోకి పత్రిక వచ్చి చేరింది, పండుగ ఇంకా పెద్దదైంది.

పాత తేదీని వదలనివాళ్ల కథ ఇంతకంటే విడ్డూరం. షెట్లాండ్ దీవుల్లో పడమటి అంచున ఉన్న ఫౌలా అనే చిన్న దీవిలో యూల్ (క్రిస్మస్) పండుగ జనవరి 6న, కొత్త సంవత్సరం జనవరి 13న. మేము పాత కేలండరు వదల్లేదని వాళ్ల గర్వం. కాస్త లెక్క చూద్దాం. పాత క్రిస్మస్ 1753లో జనవరి 5. గ్రెగరీ లెక్కలో 1800 లీపు ఏడాది కాదు, జూలియన్ లెక్కలో అవును. కాబట్టి ఆ తర్వాత పాత క్రిస్మస్ జనవరి 6కి జరిగింది, ఫౌలా కూడా జరిగింది. 1900లోనూ అంతే, అది జనవరి 7కి జరిగింది. ఫౌలా ఈసారి జరగలేదు! వేల్స్‌లోని గ్వౌన్ లోయలో జనవరి 13న చేసుకునే ‘హెన్ గాలన్’ అనే పాత కొత్తసంవత్సరమూ ఇదే బాపతు. జూలియన్ లెక్క ప్రకారం ఇప్పుడది 14న రావాలి. అంటే సీజరు కేలండరుకు కట్టుబడ్డామంటున్నవాళ్లు నిజానికి గోడమీది గ్రెగరీ కేలండరులోని ఒక అంకెకు కట్టుబడ్డారు. ఆకాశమూ కాదు, సీజరూ కాదు, ముత్తాత చేసుకున్న తేదీ.

ఇంగ్లండు సంగతి చదివి నవ్వుకునే ముందు మన సంక్రాంతి వైపు చూడాలి. మిగతా పండుగలు తిథుల వెంట ఏటా ముందువెనకలవుతుంటే సంక్రాంతి ఒక్కటే ‘ఇంగ్లీషు తేదీ’ ప్రకారం వస్తుందని మన ఇళ్లలో అనుకుంటాం. అందులో సగమే నిజం. సంక్రాంతి సౌరమాన పండుగ. సూర్యుడు మకర రాశిలో అడుగుపెట్టే క్షణం దానికి గుర్తు. ఆ రాశిని మన పంచాంగం నక్షత్రాలతో కొలుస్తుంది, అదే నిరయన పద్ధతి. సూర్యుడు అదే నక్షత్రం దగ్గరికి తిరిగి రావడానికి ఋతుచక్రం కంటే 20 నిమిషాలు ఎక్కువ పడుతుంది. దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు. ఎంచుకున్న లెక్కనుబట్టి క్రీ.శ. మూడు, ఆరు శతాబ్దాల మధ్య ఎప్పుడో మకర సంక్రమణం, ఉత్తరాయణం ఒకే రోజున పడ్డాయి. ఇప్పుడు రెంటికీ నడుమ ఇరవై నాలుగు రోజుల దూరం. భోగి పిడకల దండలు మంటలో పడేసరికి పొద్దు ఉత్తరానికి తిరిగి మూడు వారాలు దాటుతోంది. కానీ ఉత్తరాయణ పుణ్యకాలమని మనం సంకల్పం చెప్పుకునేది సంక్రాంతి నాడే.

సంక్రాంతి తేదీ ఇలా పక్కకు జరుగుతోందనడానికి ఋజువు దూరాన లేదు. వివేకానందుడు పుట్టింది మకర సంక్రాంతి నాడు. ఆ తేదీ 1863 జనవరి 12. ఇప్పుడు పండుగ 14న, లేదా 15న వస్తోంది. ఇంకో ఋజువు తలకిందులుగా పనిచేస్తుంది. మూడో పానిపట్టు యుద్ధం 1761 జనవరి 14న జరిగింది కాబట్టి మరాఠాలు సంక్రాంతి నాడే కూలిపోయారని తరచూ రాస్తుంటారు. లెక్క కడితే ఆ ఏడు సంక్రాంతి అప్పటికి మూడు నాలుగు రోజుల ముందే వెళ్లిపోయి ఉండాలి. మన తేదీని రెండున్నర శతాబ్దాల వెనక్కి మోసుకెళ్లి ఆ యుద్ధానికి అతికించాం. తేదీ మీద మనకున్న నమ్మకం అలాంటిది.

సంక్రాంతి నక్షత్రాలను అనుసరిస్తోంది కదా, అదీ ఆకాశమే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. నక్షత్రాలూ ఆకాశంలోవే. కానీ ఉత్తరాయణమన్న మాటకు అర్థం నక్షత్రంలో లేదు, సూర్యుడి నడకలో ఉంది. ఈ తేడా మన పాత శాస్త్రజ్ఞులకు బాగా తెలుసు. వేదాంగ జ్యోతిషం ఉత్తరాయణ ఆరంభాన్ని ధనిష్ఠ మొదట్లో పెట్టింది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో, పూర్వశాస్త్రాల్లో అలా ఉందిగానీ ఇప్పుడు అయనాలు కర్కాటక, మకరాల మొదట్లో జరుగుతున్నాయని తేల్చి చెప్పాడు. నమ్మకపోతే సూర్యుడు ఉదయించే చోటును దూరపు గుర్తుతో సరిచూడమన్నాడు, పెద్ద వలయంలో శంకువు నీడ వచ్చిపోయే చోట్లను గుర్తుపెట్టి చూడమన్నాడు. అంటే ఒకసారి మన పంచాంగం నిజంగానే ధనిష్ఠను వదిలి మకరానికి మారింది. ఆ తర్వాత మళ్లీ మారలేదు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడ్డ కేలండరు సంస్కరణ సంఘం ఈ పొరపాటును ఎత్తిచూపింది. 1955లో నివేదిక ఇచ్చింది, 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం వచ్చింది. అందులో పుష్యమాసం మొదలయ్యేది డిసెంబరు 22న, సరిగ్గా పొద్దు తిరిగే వేళకు. దాన్ని చూడడానికి సాహా లేడు, అంతకు ఏడాది ముందే పోయాడు. ఆ పుష్యం ఆకాశవాణి ప్రకటనలకు, గెజెట్లకు ఎక్కింది. ఒక్క ఇంటి ముందైనా ఒక గొబ్బెమ్మను ముందుకు జరపలేకపోయింది.

జరపాల్సిన పనీ లేదనేవాళ్లున్నారు. సంక్రాంతి కోతల పండుగ, ధాన్యం ఇంటికొచ్చాక చేసుకునేది, అయనంతో పనేముందని వాళ్ల వాదం. నా వాదానికి అది బలమే తప్ప ఎదురు కాదు. నిండిన గాదె, పశువుల మెడలో కొత్త పలుపులు, అల్లుళ్ల రాక, సెలవుల రైళ్లు ఇవన్నీ ఆ తేదీ చుట్టూ అల్లుకున్నాయి కాబట్టే ఖగోళం దాన్ని లాగలేకపోతోంది. ఇంగ్లండులోనూ అంతే. కౌళ్లు, జీతాల లెక్కలు కట్టే మార్చి 25 గడువును కోసేసిన రోజుల మేరకు ముందుకు జరిపితే ఏప్రిల్ 5 అయింది. బ్రిటన్ ఆదాయపన్ను సంవత్సరం ఇవాళ్టికీ ముగిసేది ఆ తేదీనే. పండుగైనా పద్దైనా పదిమంది ముందుగా తెలుసుకుని దానికి తగ్గట్టు పనులు సర్దుకునే ఒప్పందం. అయనాంతం నాడు నీడ కొలవడం అందరి వల్లా కాదు, తేదీ అడిగితే పిల్లవాడైనా చెబుతాడు.

కచేరీ తలచుకుంటే ఒక్క పూటలో పండుగను ఎంత దూరం విసిరెయ్యగలదో చూడాలంటే జపాను వెళ్లాలి. మేజీ ప్రభుత్వం 1872 చివర్లో, మూడు వారాల పైచిలుకు గడువు మాత్రమే ఇచ్చి, చాంద్రమానం రద్దు చేసింది. పాత పన్నెండో నెల మూడో రోజే 1873 జనవరి 1 అయిపోయింది. తొందరకు కారణం శాస్త్రం కాదు, ఖజానా. రాబోయే ఏడాదిలో అధికమాసం ఉంది, ఉద్యోగులకు పదమూడు నెలల జీతం ఇవ్వాలి. కేలండరు మారిస్తే అది తప్పుతుంది, రెండు రోజులకే కుదించుకుపోయిన పన్నెండో నెల జీతమూ కలిసొస్తుంది. అప్పటి మంత్రుల్లో ఒకడైన ఒకుమా షిగెనొబు ఈ సంగతి తర్వాత తానే చెప్పుకున్నాడు. పాత లెక్కలో ఆ కొత్త సంవత్సరం జనవరి 29న రావాల్సింది, అంటే వసంతపు గుమ్మంలో. ఇప్పుడు నడి చలిలో పడింది. అయినా జపనీయులు జనవరి 1న పంపుకునే కార్డుల మీద ఇవాళ్టికీ ‘కొత్త వసంతం’ అనే రాసుకుంటారు. ఏడో రోజున వసంతకాలపు ఏడు ఆకుకూరలతో గంజి తాగడం ఆచారం. పాత లెక్కలో అయితే పొలం గట్లమీద ఏరుకునేవారు. జనవరి 7న గట్లమీద ఏముంటుంది, మంచు తప్ప? అందుకని పాకల్లో వెచ్చగా పెంచిన ఆకులు చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో సర్ది సూపర్ మార్కెట్లు అమ్ముతాయి. ఆకు మొలవకపోయినా ఆచారం నిలిచింది.

మరి ఇరాన్ యల్దా, చైనా దోంగ్జీ సంగతేమిటి, అవి ఇప్పటికీ సరిగ్గా అయనాంతం నాడే వస్తున్నాయి కదా అన్నది అన్నింటిలోకీ బలమైన అభ్యంతరం. వస్తున్నాయి. యల్దా రాత్రి దానిమ్మ గింజలు, పుచ్చకాయ ముక్కలు ముందు పెట్టుకుని కవి హాఫిజ్ దివాన్ (కవితల సంపుటి) తెరిచి శకునం చూసుకునే ఇళ్లకు ఆ పొడవైన రాత్రి తప్పిపోదు. కానీ వాళ్లు చూసుకునేది ఆకాశాన్ని కాదు, ఆజర్ నెల ఆఖరి రాత్రిని. ఆ తేదీ పొద్దుతో కలిసి నడవడానికి కారణం ఇరాన్ పార్లమెంటు 1925లో చట్టం చేసిన సౌర కేలండరు. ఏడాది మొదలును ఏటా విషువత్తు క్షణంతో ముడిపెట్టిన కేలండరు అది, ఒమర్ ఖయ్యాం పాలుపంచుకున్న 1079 నాటి జలాలీ లెక్కకు వారసురాలు. యల్దా అన్న పేరు కూడా జననమనే అర్థమున్న సిరియాక్ మాట.

చైనాలో కచేరీ ఇంకా పెద్దది. అయనాంతం నాడు చక్రవర్తే స్వయంగా బీజింగ్ స్వర్గ వేదిక మీద బలి అర్పించేవాడు. పంచాంగం రాజు సొత్తు, ప్రైవేటుగా అచ్చువేయకూడదని తాంగ్ రాజుల కాలంలోనే నిషేధం. 1645లో చింగ్ రాజ్యం జెసూట్ పాద్రీ ఆడమ్ షాల్ లెక్కలతో కొత్త పంచాంగం తెచ్చింది. ఇరవై ఏళ్లు తిరక్కుండా పాత పద్ధతివాళ్లు ఆయన మీద నేరం మోపి మరణశిక్ష వేయించారు. ఆయన బతికిపోయాడుగానీ ఆయన దగ్గర పనిచేసిన ఐదుగురు చైనా క్రైస్తవ ఖగోళజ్ఞుల తలలు తెగాయి. చివరికి 1668 డిసెంబరు చివర్లో, పొద్దు తిరిగిన రోజుల్లోనే, యువ చక్రవర్తి కాంగ్షీ పందెం పెట్టాడు: మధ్యాహ్నం వేళ శంకువు నీడ ఎంత పొడుగు పడుతుందో ముందే చెప్పండి. జెసూట్ పాద్రీ వెర్బీస్ట్ గీత గీశాడు, నీడ వచ్చి ఆ గీత మీద వాలింది. పంచాంగ కచేరీ కుర్చీ మళ్లీ జెసూట్లకు దక్కింది. దోంగ్జీ నాడు దక్షిణాన తియ్యటి పిండి ఉండలు, ఉత్తరాన కుడుములు తినేవాళ్లకు ఆ తలల సంగతి అక్కర్లేదు, పంచాంగం చెప్పిన రోజున వండుకున్నారు. ఈ రెండు పండుగలూ సూర్యుణ్ని వదలకపోవడానికి కారణం వాటి కచేరీలు సూర్యుణ్ని వదలకపోవడమే.

కచేరీ లేకపోతే ఏమవుతుందో పెరూ చూపిస్తుంది. అక్కడ చలికాలం జూన్‌లో. ఇంకాల అయనాంత ఉత్సవం ఇంతి రాయ్మీని స్పానిష్ పాలకులు పదహారో శతాబ్దంలో నిషేధించారు. 1944లో కుస్కోలో పాత చరిత్రకారుడు గార్సిలాసో గ్రంథం ఆధారంగా దాన్ని మళ్లీ నిలబెట్టి, సక్సాయ్‌వామన్ కోట రాళ్లమధ్య ప్రదర్శించారు. అయనాంతం జూన్ 21న. వాళ్లు ఎంచుకున్నది జూన్ 24. అది సెయింట్ జాన్ పండుగ రోజు, అప్పటికే పెరూలో మూలవాసుల దినం. ఆ తేదీ మూలం సీజరు కేలండరులోని వేసవి అయనాంతం! ఇంకాల శీతాకాలపు సూర్యుడు రోమన్ల వేసవి తేదీలో అద్దెకుంటున్నాడు.

ఇక మిగిలింది రష్యా. లెనిన్ ప్రభుత్వం 1918లో జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 14 అని ప్రకటించింది. చర్చి మాత్రం జూలియన్ లెక్కనే పట్టుకుంది. అందుకే అక్కడ క్రిస్మస్ జనవరి 7న, పైగా జనవరి 14న ‘పాత కొత్త సంవత్సరం’ అనే ఇంకో వేడుక. యుద్ధం నడుమ 2023లో ఉక్రెయిన్ చట్టం చేసి తన సెలవును డిసెంబరు 25కి మార్చుకుంది. అక్కడ తేదీ మారడానికి కారణం సూర్యుడు కాదు, మాస్కో. మిగిలినవాళ్లకు ముందుంది పరీక్ష. 2100 జూలియన్ లెక్కలో లీపు సంవత్సరం, గ్రెగరీ లెక్కలో కాదు. పాత కేలండరు మాట నిజంగా వింటే 2101లో వాళ్ల క్రిస్మస్ జనవరి 8న రావాలి. ఫౌలా దీవివాళ్లకు ఇలాంటి పరీక్షే 1900లో ఎదురైంది. వాళ్లు 6 మీదే ఉండిపోయారు.

(వచ్చే భాగం: అధికమాసమే వద్దనుకున్న కేలండరు)